మోరిస్ మైనర్ 948 ఇంజన్: ఉన్నదాన్నే విప్పి కట్టించాలా, వేరే ఇంజన్ ఎక్కించాలా?

మైనర్ 59, లాసన్స్ బే కాలనీ

సభ్యులందరికీ నమస్కారం. మా మేనమామగారి నుంచి మా ఇంటికి వచ్చిన 1959 నాటి మోరిస్ మైనర్ 1000 విషయంలో మీ సలహా కోరుతున్నాను. బండిలో ఉన్నది దానితో పుట్టిన 948 సీసీ ఇంజనే. ఇంజన్ మీద ఉన్న నంబరు, ఆర్‌సీలో ఉన్న నంబరు ఒకటే. రిజిస్ట్రేషన్ గడువు ఇంకా మిగిలి ఉంది. ఆదివారం పొద్దున్నే బీచ్‌రోడ్డు మీదుగా భీమిలి దాకా వెళ్లి రావడం, పాత కార్ల ప్రదర్శన ఎక్కడైనా జరిగితే తీసుకువెళ్లడం, వీలైతే అరకు ఘాట్‌రోడ్డు ఎక్కించడం, దీనితో నాకున్న పని ఇంతే.

కొంతకాలంగా ఇంజన్ బాగా నీరసించింది. సింహాచలం కొండ మీదికి మూడో గేరులో తేలిగ్గా ఎక్కే బండి ఇప్పుడు రెండో గేరులో కూడా ఆయాసపడుతోంది. కొండ దిగుతూ యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే వెనక నీలం పొగ కమ్ముతోంది. ఇంజన్ వేడెక్కాక హనుమంతవాక కూడలిలో సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ దీపం మినుకుమినుకుమంటోంది, కాస్త రేస్ చేస్తే ఆరిపోతోంది. ఇంజన్, గేర్‌బాక్సు కలిసే చోట నుంచి ఆయిల్ చుక్కలు పడుతున్నాయి.

ఒక మెకానిక్కు చూపిస్తే మూత కూడా విప్పకుండానే ఈ ఇంజన్ పని అయిపోయిందని తేల్చి, మారుతి ఓమ్నీ ఇంజన్, గేర్‌బాక్సు కలిపి ఎక్కించేస్తానన్నారు. ఇంకొకరు అంబాసిడర్ ఇంజన్ అయితే జన్మకు సరిపోతుందన్నారు. చెన్నైలో ఒకరి దగ్గర 1098 సీసీ మైనర్ ఇంజన్ ఉందని తెలిసింది. ఖర్చు పెట్టడానికి నేను సిద్ధమే, కానీ ఒకే పనికి రెండుసార్లు పెట్టే శక్తి లేదు. ఏ దారిలో వెళ్లమంటారు?

పాత ఫిట్టరు, గాజువాక

అమ్మా, మీరు చెప్పిన లక్షణాలన్నీ చదివాను. షిప్‌యార్డులో ఇంజన్ల మధ్యనే ఉద్యోగం ముగించినవాణ్ని కనుక ముందుగా ఒక మాట చెబుతాను: కొలత లేకుండా ఇంజన్ మార్చమనడం జ్వరం చూడకుండా ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టినట్టు ఉంటుంది. మీరు రాసిన నాలుగు ఫిర్యాదులకు నాలుగు వేర్వేరు కారణాలు ఉండవచ్చు, వాటిలో కొన్నింటికి ఇంజన్ దించవలసిన అవసరం కూడా లేకపోవచ్చు.

యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వచ్చే నీలం పొగ సాధారణంగా వాల్వ్ గైడ్ల (వాల్వుల కాడలు జారే గొట్టాల) అరుగుదలను సూచిస్తుంది, ఎందుకంటే థ్రాటిల్ మూసుకున్నప్పుడు మానిఫోల్డులో ఏర్పడే పీడనలేమి పైనున్న ఆయిల్‌ను గైడ్ల సందులోంచి లోపలికి పీలుస్తుంది. ఎత్తు ఎక్కుతూ లోడు మీద ఉన్నప్పుడు అదే పనిగా పొగ వస్తే అప్పుడు పిస్టన్ రింగులను, సిలిండరు బోర్లను అనుమానించాలి. ఇక గేర్‌బాక్సు దగ్గర చుక్కలు పడటమనేది ఏ సిరీస్ అనే కుటుంబానికి చెందిన మీ ఇంజన్‌కు పుట్టుకతో వచ్చిన గుణం. క్రాంకు వెనక చివర నేటి ఇంజన్లలో ఉండే రబ్బరు సీలు దీనికి లేదు; అక్కడ ఉన్న మర గాడి తిరుగుతూ ఆయిల్‌ను తిరిగి ఇంజన్‌లోకే తోస్తుంది, అంతే. బెల్‌హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గిన్నె) అడుగున ఒక రంధ్రం, దానిలో వేలాడే ఒక స్ప్లిట్ పిన్ను ఉంటాయి, కారిన చుక్క అక్కడ నిలవకుండా కిందికి జారిపోవడానికే వాటిని పెట్టారు. కాబట్టి చుక్కలు చూసి ఇంజన్‌కు తీర్పు చెప్పకూడదు. అయితే రింగులు అరిగి క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగినప్పుడు ఈ కారడం ఎక్కువవుతుందన్నది కూడా నిజమే.

ముందు రెండు పరీక్షలు చేయించండి. ఆయిల్ దీపం స్విచ్ తీసి ఆ స్థానంలో గేజీ బిగించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఆయిల్ పీడనం చూడండి. పుస్తకం ప్రకారం నడుస్తున్నప్పుడు చదరపు అంగుళానికి 60 పౌండ్లు, ఐడిల్‌లో 15 పౌండ్లు ఉండాలి. తర్వాత నాలుగు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఒక్కొక్క సిలిండరు కంప్రెషన్ రాసుకోండి. ఆపైన ప్రతి సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. ఆయిల్ పోశాక అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్ అని అర్థం. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఘాట్‌రోడ్డు, సీతమ్మధార

పెద్దాయన మాటను గౌరవిస్తూనే నా అభిప్రాయం వేరుగా చెబుతున్నాను. బండి ఉన్నది నడవడానికి, విశాఖలో ఏ వీధిలోనైనా విడిభాగాలు దొరికే ఇంజన్ ఉంటే దారి మధ్యలో ఆగిపోతుందన్న బెంగ ఉండదు. అయితే మీ మెకానిక్ చెప్పిన ఓమ్నీ ఇంజన్‌కు మాత్రం నేను ఒప్పుకోను. అది 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్, దాని శక్తి మీ 948 కొత్తగా ఉన్నప్పుడు ఇచ్చిన 37 హార్స్‌పవర్ కంటే ఎక్కువేమీ కాదు. అంత డబ్బు పోసి, మౌంట్లు కోసి, ఉన్న చోటే ఉండటం ఎందుకు?

మార్చదలిస్తే మారుతి జిప్సీలో వచ్చిన 1298 సీసీ ఇంజన్ మార్చాలి. అది నిలువుగా కూర్చునే ఇంజన్, పైగా జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) గేర్‌బాక్సుకు అంటుకుని కాక వేరుగా ఉంటుంది కనుక, గేర్‌బాక్సు వెనక ఫ్లాంజికి తగిన కొలతలో ప్రొపెల్లర్ షాఫ్టు చేయించుకుంటే వెనక చక్రాలకు నేరుగా కలిపేయవచ్చు. ఐదో గేరు వస్తుంది, హైవే మీద ఇంజన్ అరుపు తగ్గుతుంది. మైనర్ బానెట్ కింద జాగాకు లోటు లేదు, ఎందుకంటే దీన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ మొదట ఫ్లాట్ ఫోర్ ఇంజన్ పెట్టాలనుకునే ఆ గదిని అంత వెడల్పుగా గీశారు.

దాచకుండా చెప్పవలసింది బ్రేకుల సంగతి. మీ బండికి నాలుగు చక్రాలకూ ఉన్నవి 7 అంగుళాల డ్రమ్ములు, ఒకే సర్క్యూట్, సర్వో లేదు. ఇంజన్ శక్తి పెంచి బ్రేకులను వదిలేస్తే అనంతగిరి దిగుడులో ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ముందు చక్రాలకు డిస్కు బ్రేకుల ఖర్చు కూడా ఇంజన్ ఖర్చులోనే వేసుకోండి.

నల్లప్లేటు, మహారాణిపేట

ఘాట్‌రోడ్డు గారు సాంకేతికంగా చెప్పినదానిలో తప్పు పట్టవలసింది లేదు, కానీ కాగితాల మాట ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారిపోయే విధంగా యజమాని బండిని మార్చకూడదు. ఇంజన్ నంబరు, సీసీ రెండూ ఆ వివరాల్లోనే ఉంటాయి. ఆర్‌టీవో అనుమతి లేకుండా ఎక్కించిన ఇంజన్‌తో రేపు రిజిస్ట్రేషన్ పొడిగింపుకు వెళ్లినా, ప్రమాదం జరిగి బీమా అడిగినా, అవతలివారు మొదట చూసేది ఇంజన్ నంబరునే.

మీలాంటివారికి ఇంకా ముఖ్యమైనది 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధన. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఆ హోదా ఇస్తారు, కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కొత్తగా నమోదు చేయించుకునే బండికి 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు, వీఏ అక్షరాలతో కూడిన నంబరు ఇస్తారు. ఇదివరకే రిజిస్ట్రేషన్ ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. ఆ హోదా తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదన్న షరతు ఉంది కనుక, ఇప్పుడే తీసుకోమని నేను చెప్పడం లేదు. కానీ జిప్సీ ఇంజన్ ఎక్కిన రోజున ఆ తలుపు మీకు మూసుకుపోతుంది. నంబరు కలిసిన ఇంజన్‌తో ఉన్న మైనర్ ఈ ఊళ్లో ఎన్ని ఉంటాయో మీరే ఆలోచించండి.

అంబాసిడర్ ఇంజన్ సలహా వినడానికి వింతగా ఉన్నా, దానికి ఇంగ్లండులోనే పూర్వరూపం ఉంది. 1957లో వచ్చిన రైలీ 1.5, వూల్స్‌లీ 1500 కార్లు మైనర్ ఫ్లోర్ మీదనే 1489 సీసీ బీ సిరీస్ ఇంజన్‌తో తయారయ్యాయి, మన అంబాసిడర్‌లో దశాబ్దాలు నడిచిన పెట్రోల్ ఇంజన్ కూడా ఆ కుటుంబానిదే. అయితే ఆ కార్లు చేసిన కంపెనీ ఊరికే ఇంజన్ మార్చి ఊరుకోలేదు, ముందు చక్రాల బ్రేకులు పెద్దవి చేసింది, వెనక డిఫరెన్షియల్ నిష్పత్తి మార్చింది. ముక్కు బరువెక్కిన మైనర్‌కు స్టీరింగ్‌లో ఉన్న ఆ తేలికదనం పోతుంది. నా దృష్టిలో ఆ కారును నడపడంలో ఉన్న సుఖమంతా ఆ స్టీరింగే.

మార్చక తప్పదంటే నా ఓటు 1098కే. మైనర్ 1948లో 918 సీసీ సైడ్‌వాల్వ్ ఇంజన్‌తో మొదలై, 1952లో 803, 1956లో 948, 1962లో 1098 సీసీకి మారింది. అంటే మూడుసార్లు ఫ్యాక్టరీయే ఇంజన్ మార్చిన బండి ఇది. 1098 మీ మౌంట్ల మీదనే కూర్చుంటుంది, శక్తి 37 నుంచి 48కి పెరుగుతుంది. చెన్నై ఇంజన్ కొనేముందు మాత్రం దాని వెనక ప్లేటు, ఫ్లైవీలు, క్లచ్ కూడా వస్తున్నాయో లేదో అడగండి. మీ 948కి ఉన్నది ఆరుంపావు అంగుళాల క్లచ్, 1098కి ఏడుంపావు అంగుళాలది. గేర్‌బాక్సు బెల్‌హౌసింగ్ కూడా దానికి తగ్గట్టే వేరుగా ఉంటుంది. గేర్‌బాక్సుతో సహా దొరికితేనే ఆ బేరం బేరం. ముందు చక్రాల బ్రేకు డ్రమ్ములు కూడా ఫ్యాక్టరీ 8 అంగుళాలకు పెంచింది, వీలైతే అవి కూడా వెతకండి. 4.55 డిఫరెన్షియల్‌ను 4.22కి మార్చుకుంటే అదే వేగంలో ఇంజన్ మరింత నెమ్మదిగా తిరుగుతుంది, కానీ అరకు ఆశ ఉన్నవారికి 4.55 ఉండటమే మేలేమో.

మైనర్ 59, లాసన్స్ బే కాలనీ

అందరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే పరీక్షలు చేయించాను. వేడెక్కాక ఆయిల్ పీడనం నడుస్తున్నప్పుడు 35 పౌండ్లు, ఐడిల్‌లో 8 పౌండ్లు. కంప్రెషన్ ఒకటో సిలిండరులో 135, రెండులో 95, మూడులో 90, నాలుగులో 130. ఆయిల్ పోశాక ఒకటి, నాలుగు బాగా పెరిగాయి, రెండు, మూడు దాదాపు కదలలేదు. కాగితాల సంగతి చదివాక వేరే కంపెనీ ఇంజన్ ఆలోచన మానుకున్నాను. ఇప్పుడు నా ప్రశ్న 948ని విప్పడమా, 1098 కొనడమా అన్నదే. ఆటోనగర్‌లోని ఒక లేత్ షాపువారు బోర్లకు స్లీవులు (లోపల బిగించే కొత్త గొట్టాలు) వేసి స్టాండర్డ్ సైజుకు తెస్తామని విప్పి చూడకముందే అంటున్నారు, అది మంచిదేనా?

పాత ఫిట్టరు, గాజువాక

అంకెలు స్పష్టంగా ఉన్నాయి. రెండు, మూడు పక్కపక్కన ఉన్న సిలిండర్లు, రెండూ ఒకేలా పడిపోయి ఆయిల్ పోసినా లేవలేదంటే లోపం పైనే ఉంది. ఆ రెండింటి మధ్య గాస్కెట్ కాలిపోయి ఉండాలి, లేదా మధ్య ఎగ్జాస్టు వాల్వుల సీట్లు పోయి ఉండాలి. ఈ హెడ్డులో రెండు, మూడు సిలిండర్ల ఎగ్జాస్టుకు ఒకే దారి, అక్కడ వేడి ఎక్కువ, సీట్ల మధ్య పగుళ్లు రావడం ఈ ఇంజన్ చూసినవారందరికీ తెలిసినదే. కొండ ఎక్కలేకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ఒకటి, నాలుగులో రింగులు కూడా అలసిపోయాయి. ఆయిల్ పీడనం కింద బేరింగుల కథ చెబుతోంది. కాబట్టి ఇంజన్ దించక తప్పదు, కానీ పారేయవలసిన ఇంజన్ కానే కాదు. నేనైతే 948నే కడతాను. 1098 చవకగా, గేర్‌బాక్సుతో దొరికితే కొని దాచుకోండి, దాన్ని తొందరపడి ఎక్కించవద్దు.

హెడ్డు విప్పాక శుభ్రంగా కడిగించి, సీట్ల మధ్య రంగు ద్రావణం వేసి పగుళ్లు చూడమనండి, ప్రెషర్ టెస్టు చేయించండి. పగులు ఉంటే ఆ హెడ్డు మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు, 1098 ఇంజన్లపై వచ్చిన 12జీ202 అనే పోత గుర్తు గల హెడ్డు మీ బ్లాకుకు సరిపోతుంది, దాని వాల్వులు కొంచెం పెద్దవి కనుక ఊపిరి కూడా మెరుగుపడుతుంది. పగులు లేకపోతే ఎగ్జాస్టుకు గట్టి సీట్లు వేయించండి. ఈ ఇంజన్ పుట్టిన కాలంలో పెట్రోలులోని సీసమే సీట్లను కాపాడేది, మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే దొరుకుతోంది. గైడ్లు నాలుగు జతలూ మార్పించండి, మీ నీలం పొగకు మందు అక్కడే ఉంది.

స్లీవుల విషయంలో తొందర వద్దు. స్లీవు చెడ్డది కాదు, కానీ అది చివరి అవకాశం. బ్లాకులో ఇంకా బోరు చేయడానికి లోహం మిగిలి ఉంటే దాన్ని ముందు వాడుకోవాలి. పై అంచు గట్టు కిందనే, పిస్టన్ పిన్ను దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలిస్తే అరుగుదల, కోడిగుడ్డుతనం రెండూ తెలుస్తాయి. అసలు బోరు 62.9 మిల్లీమీటర్లు. ఇరవై థౌ, నలభై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు) ఓవర్‌సైజు పిస్టన్లు ఇంగ్లండులో ఇప్పటికీ దొరుకుతాయి, ఎందుకంటే ఏ సిరీస్ ఇంజన్ 2000 దాకా మినీ కారులో తయారవుతూనే ఉంది, ఆ భాగాల వ్యాపారం ఆగలేదు. ఒక్క షరతు: పిస్టన్లు చేతికి వచ్చి, వాటిని మైక్రోమీటరుతో కొలిచిన తర్వాతే బోరు వేయించండి. ముందు బోరు వేసి తర్వాత పిస్టన్ల కోసం వెతికినవారి బ్లాకులు నా కళ్లారా చూశాను, అవి షాపు మూలల్లోనే తుప్పుపట్టాయి. రింగు ఒక్కొక్కటీ బోరులో నిటారుగా తోసి, కొసల మధ్య సందు చూడాలి, 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య ఉంటే సరి.

క్రాంకు మెయిన్ జర్నల్ స్టాండర్డ్ కొలత 44.46 మిల్లీమీటర్లు, బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ పట్టుకునే చోటు) 41.28. గ్రైండింగ్ చేయించి పది థౌ అండర్‌సైజు బేరింగులు వేస్తే పీడనం తిరిగి వస్తుందని అందరూ అంటారు, అది సగం నిజం. ఈ ఇంజన్‌లో క్యామ్ షాఫ్టుకు ముందు బేరింగు మాత్రమే వైట్ మెటల్, మధ్య, వెనక బేరింగులు నేరుగా బ్లాకు ఇనుములోనే తిరుగుతాయి. అక్కడ అరిగిపోతే క్రాంకు ఎంత కొత్తగా చేసినా ఆయిల్ ఆ సందుల్లోంచి జారిపోతుంది. కాబట్టి క్యామ్ జర్నళ్ల సందు తప్పక కొలిపించండి. ఆయిల్ పంపు మార్చవలసి వస్తే మీ క్యామ్ వెనక చివర డ్రైవ్ ఏ రకమో చూసుకుని కొనండి, పిన్ను రకం, గాడి రకం వేరువేరు, ఒకదానికి మరొకటి పట్టదు.

మన సముద్రపు గాలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బ్లాకులోని కోర్ ప్లగ్గులన్నీ (నీటి దారులను మూసే బిళ్లలు) తీయించండి, నాలుగో సిలిండరు వెనక తుప్పుమట్టి గడ్డకట్టి ఉంటుంది, కమ్మీతో గీకితే తప్ప రాదు, రసాయనంతో కడిగినంత మాత్రాన పోదు. ఇంజన్ దిగి ఉన్నప్పుడే గేర్‌బాక్సు కింది క్రాస్‌మెంబరును, టార్షన్ బార్లు (ముందు చక్రాలకు స్ప్రింగులుగా పనిచేసే కడ్డీలు) వెనక చివర పట్టుకునే చోటును సుత్తితో తట్టి చూడండి. ఖణేల్‌మంటే ఇనుము ఉంది, డబడబమంటే రంగు మాత్రమే ఉంది. అక్కడ ఇనుము లేని బండికి ఏ ఇంజన్ కట్టినా ప్రయోజనం లేదు, ముందు వెల్డింగ్ చేయించాలి.

బిగింపు లెక్కలు రాసి షాపులో ఇవ్వండి: మెయిన్ బేరింగులకు 60 పౌండ్-అడుగులు, అంటే సుమారు 8.3 కేజీ-మీటర్లు, బిగ్ ఎండ్లకు 35, అంటే 4.8, హెడ్డు నట్లకు 40, అంటే 5.5. హెడ్డును మధ్య నుంచి బయటికి, రెండు మూడు దఫాలుగా బిగించాలి. ట్యాపెట్ సందు (వాల్వుకు, దాన్ని నొక్కే రాకరుకు మధ్య ఖాళీ) 0.30 మిల్లీమీటర్లు. దాన్ని పెట్టడానికి ఒక సులువు ఉంది: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఏడోది తెరుచుకున్నప్పుడు రెండోది, ఇలా ప్రతిసారీ రెండు సంఖ్యల మొత్తం తొమ్మిది కావాలి. మొదటి స్టార్టుకు ముందు ప్లగ్గులు తీసి, ఆయిల్ దీపం ఆరే దాకా స్టార్టరుతో తిప్పండి. కొత్త క్యామ్, ఫాలోయర్లు వేసి ఉంటే స్టార్ట్ కాగానే ఐడిల్‌లో వదలకుండా దాదాపు 20 నిమిషాలు రెండు వేల ఆర్‌పీఎం దగ్గర ఉంచాలి. కొంత దూరం తిరిగాక హెడ్డు బిగింపు, ట్యాపెట్లు మళ్లీ చూడాలి.

పెట్రోలు పైపులు, కార్బురేటర్ రబ్బర్లు అన్నీ ఇప్పుడే మార్చండి, నేటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది, పాత రబ్బరును అది మెత్తబరుస్తుంది. వారంలో ఆరు రోజులు నిలబడే బండి కనుక ఈ ఊరి చెమ్మకు ట్యాంకులో నీరు చేరుతుంది, ఫిల్టరు గాజుది పెట్టించుకుంటే కంటికి కనిపిస్తుంది. ఇంకొకటి, మీ బండికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి కలుస్తుంది. ఇంజన్ తిరిగి ఎక్కించేటప్పుడు కుర్రాళ్లు అలవాటు కొద్దీ బ్యాటరీ తిరగేస్తారు, తీగలకు రంగు కాగితం చుట్టి గుర్తు పెట్టించండి.

లేత్ షాపువారితో ఇప్పుడు ఒక్క మాటే చెప్పండి, కొలతల కాగితం చేతికి ఇచ్చే దాకా స్లీవు మాట ఎత్తవద్దని. పిస్టన్లు వచ్చాక ఇక్కడ రాయండి. డయల్ బోరు గేజీ నా దగ్గరే ఉంది, ఆటోనగర్ మాకు దగ్గరే కనుక తీసుకువచ్చి నేనే కొలిచి ఇస్తాను.